నర్సమ్మే పాస్టరమ్మ

అనంతపురం పీఠభూమి మీద పల్లె చర్చిలను నిలబెట్టిన వాళ్లలో, పునాదిరాళ్ల మీద ఎక్కడా పేరు కనిపించని వర్గం ఒకటుంది. వాళ్లు నర్సులుగా ఉద్యోగం చేసిన పాస్టర్ల భార్యలు. ఆదివారం మందిరంలో ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని పాట ఎత్తుకునేదీ, సోమవారం ఆరోగ్య ఉపకేంద్రంలో గర్భిణుల బరువు చూసి రిజిస్టరులో రాసేదీ ఒకే మనిషి. ఊరివాళ్లకు ఆమె నర్సమ్మ, సంఘస్తులకు అమ్మగారు. సంఘం లెక్కల్లో పాస్టరుకు జీతం ఉంటుంది, ప్రయాణ ఖర్చు ఉంటుంది, బదిలీ ఉత్తర్వు ఉంటుంది. ఆమె పేరిట పద్దు ఉండదు. అయినా కరువు ఏళ్లలో ఆ ఇల్లు గడిచింది ఆమె జీతంతో. చాలాచోట్ల చర్చి గడిచిందీ దానితోనే.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే ముందు ఆ నేల సంగతి తెలియాలి. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి వట్టిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. పెన్నా, చిత్రావతి, వేదవతి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేటలే. 1882లో బళ్లారి నుంచి విడదీసి ఏర్పాటు చేసిన ఈ జిల్లాను 2022 ఏప్రిల్‌లో రెండు చేశారు. పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా వచ్చింది. పేర్లు మారినా ఎర్రనేలా, రాళ్లగుట్టలూ, శెనక్కాయ చేలూ రెండు వైపులా ఒకటే. వాన తప్పితే పంట పోతుంది. పంట పోతే కూలి పోతుంది. కూలి పోతే ఊరు బెంగళూరు బస్సెక్కుతుంది. వానతో నిమిత్తం లేకుండా ఒకటో తేదీకి చేతికొచ్చే డబ్బు ఎవరింట్లో ఉంటే వాళ్లు ఆ ఊళ్లో నిలబడగలుగుతారు. నర్సు ఉద్యోగం విలువ ఇక్కడ పుట్టింది.

ఎక్కడి నుంచి వచ్చిందీ జోడీ

నర్సు పనీ పాస్టరు ఇల్లూ ఒకే కప్పు కిందికి చేరడం జర్మనీలో మొదలైంది. రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే చిన్న ఊళ్లో థియొడోర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరు 1836లో ఒక ఆసుపత్రినీ, దానితో పాటు పరిచారికల శిక్షణ గృహాన్నీ తెరిచాడు. పేరు ఆయనకు వచ్చింది. ఆ ఇంటిని నడిపింది మాత్రం ఆయన భార్య ఫ్రీడరికె. పరిచారికల ఎంపిక, దినచర్య, పద్దులు, రోగుల గదుల శుభ్రత అన్నీ ఆమె చూసేది. వరస కాన్పుల మధ్య, పిల్లలను పోగొట్టుకుంటూ ఆ పని చేసి 1842లో చనిపోయింది. 1851లో ఆ గృహంలో కొన్ని నెలలు శిక్షణ పొందిన ఇంగ్లిషు యువతి ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆధునిక నర్సింగ్ చరిత్రను నైటింగేల్‌తో మొదలుపెట్టే పుస్తకాలు ఒక పాస్టరు భార్యను ఒక వాక్యంలో దాటేస్తాయి. తర్వాతి కథలోనూ ఇదే తంతు.

నైటింగేల్‌కు రాయలసీమ కరువుతోనూ సంబంధం ఉంది. ఆమె భారతదేశానికి ఎన్నడూ రాలేదు. కానీ 1876–78 నాటి మహాకరువు మద్రాసు ప్రెసిడెన్సీని, అందులోనూ దత్త మండలాలనే రాయలసీమను ఊడ్చిపెట్టినప్పుడు లండన్‌లో కూర్చుని నీటిపారుదల కోసం వాదించింది. కాలువలు తవ్వాలని పట్టుబట్టిన సర్ ఆర్థర్ కాటన్‌ పక్షాన నిలిచి, 1878లో భారత రైతుల దుస్థితి మీద వ్యాసాలు రాసింది. రోగిని చూడటం ఎంత ముఖ్యమో ఆ రోగాన్ని తెచ్చిన ఆకలిని చూడటమూ అంతే ముఖ్యమని ఆమె వాదన. అనంతపురం నేల మీద తర్వాత పనిచేసిన నర్సులకు ఈ సంగతి ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేకపోయింది.

ఆ నేల మీదికి ప్రొటెస్టెంట్ క్రైస్తవాన్ని తెచ్చింది ప్రధానంగా లండన్ మిషన్. 1795లో పుట్టిన ఈ సంస్థ 1805లో విశాఖపట్నానికి, 1810లో బళ్లారికి, 1822లో కడపకు మనుషులను పంపింది. 19వ శతాబ్ది చివరికి గుత్తి, అనంతపురం, జమ్మలమడుగు దాని కేంద్రాలయ్యాయి. సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. కరువు రోజుల్లో గంజి పోసినందుకే మతం మారారని ఒక వాదన ఉంది. సహాయ పనులు ముగిశాకా దశాబ్దాలపాటు సంఘాలు పెరుగుతూ వచ్చాయన్న సంగతిని ఆ వాదన వివరించలేదు. చదువూ, తలెత్తుకుని కూర్చునే చోటూ కూడా జనాన్ని పిలిచాయి.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వైద్యుడు క్యాంబెల్ పేరు మీద నిలిచిన ఆసుపత్రి రాయలసీమ క్రైస్తవ వైద్యానికి పెద్ద దిక్కు. అనంతపురం సరిహద్దు దాటి కొద్ది దూరమే కాబట్టి తాడిపత్రి, గుత్తి వైపు నుంచీ రోగులు బండ్లు కట్టుకుని వచ్చేవారు. అదే కాలంలో గుంటూరులో లూథరన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచింది. వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. ఆసుపత్రులు లేచాయి, వైద్యులు సముద్రం దాటి వచ్చారు. రోగిని కడిగి, మలమూత్రాలు ఎత్తి, రాత్రంతా పక్కన కూర్చునే చేతులు మాత్రం ఇక్కడివే కావాలి.

ఆ చేతులు క్రైస్తవ ఆడపిల్లలవే కావడానికి కారణం కులం. పరాయివాళ్ల ఒంటిని ముట్టుకోవడం, మైల పని, రాత్రిపూట ఇంటి బయట ఉండటం, ఈ మూడూ అప్పటి గౌరవ కుటుంబాల దృష్టిలో ఆడపిల్లకు పనికిరానివి. పురుడు పోయడం మంత్రసాని పని. ఆమె ఎక్కువ చోట్ల అంటరాని కులాల మనిషే. బిడ్డను బయటికి తీసిన చేతిని ఆ తర్వాత గడప లోపలికి రానివ్వని సమాజంలో, అదే పనికి తెల్లటి బట్టలు, సర్టిఫికెట్, నెల జీతం ఇచ్చింది మిషన్ ఆసుపత్రి. పేరు పెట్టి పిలవడానికి కూడా జంకే పెద్దింటివాళ్లు జ్వరం వచ్చినప్పుడు సిస్టర్ అని పిలవాల్సి వచ్చింది. ఈ మార్పును మిషన్ నివేదికలు ఆత్మల రక్షణ ఖాతాలో రాసుకున్నాయి. కులచరిత్ర ఖాతాలో రాస్తే ఇంకా పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

స్వాతంత్ర్యానికి ముందు దేశంలోని నర్సుల్లో అత్యధికులు క్రైస్తవులే. అయినా ఆ సంఖ్య ఎంతని? 1946లో భోర్ కమిటీ లెక్క ప్రకారం బ్రిటిష్ ఇండియా మొత్తానికి ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మంది జనానికి ఒకరు. ఏడు వేల మందిలో ఒక్కరు దత్త మండలాల్లో ఒక పల్లెకు కాపురానికి వస్తే ఆ చుట్టుపక్కల పది ఊళ్లకు అదే ఆసుపత్రి.

కాపురానికి వచ్చే దారి మిషన్ కాంపౌండ్ లోంచే ఉండేది. ఒకే ప్రహరీ లోపల చర్చి, బాలికల బోర్డింగ్ స్కూలు, ఆసుపత్రి, ఉపదేశకుల ఇళ్లు. వేదాంత పాఠశాలలో చదివే కుర్రవాడికి బోర్డింగ్‌లో చదివిన పిల్లను చూసేవారు. మిషనరీ దొరసాని మాట ఆ సంబంధాల్లో మేనమామ మాటకంటే బరువైంది. పెళ్లికూతుళ్లలో మొదట టీచర్లు ఎక్కువ, తర్వాత నర్సులు. కాపురం కుదిరాక ఇద్దరూ మిషన్ సేవకులే. ఒకరికి వాక్యం, ఒకరికి వైద్యం. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య ఉపదేశకులతో పాటు వాళ్ల భార్యలకూ చదువు చెప్పించాడు. పల్లెలో భార్యాభర్తలిద్దరి బతుకూ సువార్తకు సాక్ష్యంగా నిలవాలని ఆయన పట్టుదల. ఆ పట్టుదలలో ఆదర్శం ఎంతో, ఒక జీతానికి ఇద్దరి పని అన్న లెక్కా అంతే. కతోలికుల్లో ఈ ప్రశ్న రాలేదు. గురువుకు పెళ్లి లేదు, నర్సు సన్యాసిని.

ప్రహరీ బయటికి

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలు అందులో కలిశాయి. అనంతపురం–కర్నూలు, కడప అధ్యక్ష మండలాలు 1950లో ఒకటై రాయలసీమ డయోసీస్ అయింది. దానికి బిషప్ అయిన హోస్పేట్ సుమిత్ర తర్వాత దక్షిణ ఇండియా సంఘానికే మోడరేటర్ అయ్యాడు. పెత్తనం భారతీయుల చేతికి వచ్చింది. విదేశీ నిధులు మాత్రం క్రమంగా సన్నగిల్లాయి. మిషన్ ఆసుపత్రుల్లో మంచాలు తగ్గాయి. 1952 తర్వాత సమాజ వికాస పథకం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పుట్టుకొచ్చాయి. వాటికి నర్సులు కావాలి, సహాయ నర్సు–మంత్రసానులు (ఏఎన్‌ఎంలు) కావాలి. మిషన్ ఆసుపత్రిలో శిక్షణ పొందిన అమ్మాయికి ప్రభుత్వ ఉద్యోగం దొరకడం మొదలైంది.

ఇక్కడే పాస్టరు ఇంటి ఆర్థికం తిరగబడింది. అంతకు ముందు ఇద్దరూ ఒకే ప్రహరీలో, ఒకే యజమాని కింద ఉండేవారు. ఇప్పుడు ఆమె యజమాని ప్రభుత్వం. ఆమె జీతం అతనిదానికి రెండింతలో, మూడింతలో. అతని బదిలీ డయోసీస్ చేతిలో, ఆమె బదిలీ జిల్లా వైద్యాధికారి చేతిలో. ప్రభుత్వ బదిలీల్లో భార్యాభర్తలను ఒకే చోట వేసే వెసులుబాటు ఉంది కానీ అది ఇద్దరూ ఉద్యోగులైతేనే. పాస్టరు ఆ లెక్కలోకి రాడు. అతన్ని మడకశిర వైపు పంపి, ఆమెను ఉరవకొండ వైపు ఉంచితే వారం వారం బస్సు ప్రయాణమే కాపురం. పిల్లల చదువు తల్లి దగ్గర సాగుతుంది, పండుగలు తండ్రి దగ్గర జరుగుతాయి. బదిలీ మీద పాస్టరు కొత్త ఊరికి ఒంటరిగా వస్తే అమ్మగారు రాలేదేమని సంఘం మొదటి ఆదివారమే అడుగుతుంది. వచ్చి ఉద్యోగం మానేస్తే ఆ ప్రశ్న ఉండదు, పూట గడిచే దారీ ఉండదు.

కాగితాల చిక్కు వేరే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డ్ కులాల వాళ్లకు ఎస్సీ హోదా వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లకు బీసీ–సీ కింద ఉన్నది ఒక శాతం రిజర్వేషన్. నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే అమ్మాయి ఏ ధ్రువపత్రం జత చేస్తుందన్నది అందుకే ఇంటిల్లిపాదికీ సంబంధించిన నిర్ణయమవుతుంది. మిగతా సంఘస్తులకు ఆ సంగతి ఎమ్మార్వో ఆఫీసుతో సరి. భర్త పల్పిట్ మీద నిలబడే ఇంట్లో మతాన్ని కాగితం మీద దాచే వీలు లేదు. భక్తికి చెల్లించే మూల్యం ఇంత కచ్చితంగా రూపాయల్లో లెక్కకొచ్చే చోటు ఇంకొకటి కనిపించదు.

లండన్ మిషన్ వారసత్వంలో లేని స్వతంత్ర సంఘాలు, పెంతెకోస్తు సంఘాలు గత నలభై యాభై ఏళ్లలో పల్లెపల్లెకూ వ్యాపించాయి. వాటి పాస్టర్లకు డయోసీస్ జీతం కూడా లేదు. రేకుల షెడ్డులో పాతిక కుటుంబాలతో మొదలయ్యే సంఘానికి కానుక సంచిలో పడేదే రాబడి. ఆ రేకులు కొన్నది, మైకు సెట్టుకు వాయిదాలు కట్టింది, కరెంటు బిల్లు చెల్లించింది భార్య జీతంలోంచే అన్నది ఆ ఊళ్లో అందరికీ తెలిసిన విషయమే. శంకుస్థాపన ఫలకం మీద పాస్టరు పేరు, ముఖ్య అతిథి పేరు చెక్కుతారు.

రెండు డ్యూటీలు

అమ్మగారి పని ఫలానా అని ఎక్కడా రాసి ఉండదు. స్త్రీల సమాజం నడపాలి. సండే స్కూలు పిల్లలకు క్రిస్మస్ నాటిక నేర్పాలి. బాప్తిస్మానికి వచ్చిన ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే చోటు చూడాలి. ప్రభు రాత్రి భోజనానికి రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేయాలి. చావింటికి భర్తకంటే ముందు వెళ్లాలి, పెళ్లింటి నుంచి చివరగా రావాలి. ఊరు దాటి వచ్చిన సువార్తికులకు వేళకాని వేళ అన్నం పెట్టాలి. ఇవన్నీ నర్సు డ్యూటీ వేళలతో సర్దుకోవాలి. ఆదివారం సెలవు దొరకడానికి శనివారం నైట్ డ్యూటీ తాను తీసుకుని, పొద్దున్నే ఇంటికొచ్చి తలస్నానం చేసి, నిద్రలేని కళ్లతో మందిరంలో ముందు వరుసలో కూర్చోవడం ఆసుపత్రి నర్సులకు మామూలే. ఉపకేంద్రంలో ఉన్న ఏఎన్‌ఎంకు వేళలు కొంత నయం. బుధ, శనివారాల్లో టీకాలు, మిగతా రోజుల్లో ఇంటింటి సర్వేలు. అయితే ఆమె ఇల్లు ఊళ్లోనే కాబట్టి అర్ధరాత్రి తలుపు చప్పుళ్లు ఎక్కువ.

ఆ చప్పుళ్లు ఒకప్పుడు ప్రధానంగా కాన్పులవి. రోడ్డు లేని, ఫోను లేని ఊళ్లో నొప్పులు మొదలైతే లాంతరు పట్టుకుని మొగుడో మామో వచ్చేవాడు. పాస్టరు సైకిలు తీసేవాడు, ఆమె వెనక కూర్చునేది, ఒళ్లో కాన్పు సంచి. కులం పట్టింపు ఉన్న ఇళ్లలోనూ ఆ రాత్రికి దారి దొరికేది. తెల్లవారాక మళ్లీ అది గుర్తొచ్చేదనడం కూడా నిజమే. 2005లో మొదలైన 108 అంబులెన్సులు, అదే ఏడాది వచ్చిన జనని సురక్ష యోజన ఈ అధ్యాయాన్ని దాదాపు ముగించాయి. కాన్పులు ఆసుపత్రులకు తరలిపోయాయి.

మిగతా జబ్బులు నేలను బట్టి వచ్చాయి. దిగుడు బావుల్లోకి కాళ్లతో దిగి నీళ్లు ముంచుకునే రాయలసీమ ఊళ్లలో నారికురుపు ఉండేది. కాలి పుండులోంచి మూరెడు పురుగు బయటికొచ్చే ఆ జబ్బుకు మందు లేదు. పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగడం, తాగే నీళ్లను గుడ్డతో వడకట్టమని ఇంటింటికీ చెప్పడం, ఇవే వైద్యం. 2000లో భారతదేశం ఆ జబ్బు నుంచి విముక్తమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వడకట్టమని చెప్పి చెప్పి సాధించిన విజయమది. అందులో నర్సుల నోటి శ్రమే ఎక్కువ. బావులు ఎండి బోర్లు లోతుకు వెళ్లిన కొద్దీ ఫ్లోరైడ్ వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గారలు, తర్వాత వంగని వెన్ను, కదలని కీళ్లు. శెనక్కాయ పీకే రోజుల్లో పాముకాట్లు. వలస వెళ్లొచ్చిన వాళ్లతో పాటు 1990లలో హెచ్‌ఐవీ.

హెచ్‌ఐవీ పాస్టరమ్మను ఇరుకున పెట్టినంతగా ఇంకే జబ్బూ పెట్టలేదు. ఎవరికి ఉందో నర్సుగా ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పకూడదు. భర్తకూ చెప్పకూడదు. ఆ మనిషే పెళ్లి ప్రకటన కోసం పాస్టరు దగ్గరికి వస్తాడు. మూడు ఆదివారాలు మందిరంలో ప్రకటన చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. అభ్యంతరం తెలిసిన మనిషి ముందు వరుసలోనే కూర్చుని ఉంటుంది. పెళ్లికి ముందు రక్తపరీక్ష పత్రం తెమ్మని కొన్ని సంఘాలు నియమం పెట్టుకున్నాక ఈ నరకం కొంత తగ్గింది. 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడంతో చావు భయం తగ్గింది. పెళ్లికూతురి వయసు విషయంలో మాత్రం తన భార్య నర్సు కావడం పాస్టరుకు అక్కరకొస్తుంది. పదహారేళ్ల పిల్లను పద్దెనిమిదని చెప్పి తెచ్చే తల్లిదండ్రులు, ఆ పిల్ల పుట్టుక రాసింది అమ్మగారేనన్న సంగతి మరిచిపోతుంటారు.

అన్నిటికంటే సున్నితమైనది ప్రార్థనకూ మందుకూ మధ్య ఉన్న గీత. రోగి మీద నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రిక చెబుతుంది. అది విశ్వాసులకు ఊరట. స్వస్థత కూడికల పోస్టర్లు దాన్ని ఇంకా దూరం లాక్కెళ్లాయి. ప్రార్థనతో తగ్గిందని ఆరు నెలల క్షయ మందును రెండో నెలలోనే ఆపేసేవాళ్లు, దయ్యం పట్టిందని మూర్ఛ వచ్చే పిల్లను శుక్రవారం ఉపవాస కూడికకు తెచ్చేవాళ్లు, షుగరు మాత్రలు పారేసి సాక్ష్యం చెప్పేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వేదిక మీద భర్త చేయి పెట్టి ప్రార్థిస్తాడు. వేదిక కింద భార్య ఆ పిల్ల తల్లిని పక్కకు తీసుకెళ్లి, మూర్ఛ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారని, ఒక్క పూట కూడా మానకూడదని చెబుతుంది. లూకా వైద్యుడేనని పౌలు రాసిన సంగతి ఇలాంటి చోట ఆమెకు పెద్ద ఆసరా. భర్త కలిసొస్తే ప్రసంగంలోనే ఆ మాట వస్తుంది. కలిసిరాకపోతే ఆ ఇంట్లో వాదన ఏళ్ల తరబడి నడుస్తుంది. మందూ ప్రార్థనా రెండూ దేవుడిచ్చినవేనన్న మధ్యేమార్గం చాలా సంఘాల్లో స్థిరపడిందంటే అందులో వేదాంత కళాశాలల పాత్రకంటే ఈ నర్సుల పాత్రే ఎక్కువ అనిపిస్తుంది.

గీతకు ఇంకో వైపూ ఉంది. మిషన్ ఆసుపత్రిలో పొద్దున వార్డు ప్రార్థన దినచర్యలో భాగం. ప్రభుత్వ ఆసుపత్రిలో అది కుదరదు, కూడదు కూడా. నిస్సహాయంగా మంచం మీద ఉన్నవాడికి మతం చెప్పడం న్యాయమా అన్న ప్రశ్నను పాతతరం మిషనరీలు పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పటి నర్సు పట్టించుకోక తప్పదు. రోగి అడిగితే మనసులో ప్రార్థించుకోవడం, అడగకపోతే సెలైన్ ఎక్కించి వెళ్లిపోవడం అలవాటయింది. ఎవరి భార్యో తెలిసిన ఊళ్లో ఆమె చేసే ప్రతి మంచి పనికీ ఎవరో ఒకరు ఉద్దేశం వెతుకుతారు. అది ఆమె పాస్టరు భార్య కావడం వల్ల మోసే బరువు.

కరువు సంవత్సరాల లెక్క

పల్లె చర్చి రాబడి శెనక్కాయ పంటను అంటిపెట్టుకుని ఉంటుంది. పంటొచ్చిన ఏడు కోత పండుగకు మూటలు మూటలుగా శెనక్కాయలు, రాగులు, కొర్రలు, గుమ్మడికాయలు, కోళ్లు మందిరం ముందుకు చేరతాయి. వాటిని వేలం వేస్తారు. ఒక కోడిని పంతం మీద నాలుగింతల ధరకు పాడుకునే పెద్దమనిషి ఉంటాడు. ఆ డబ్బులోంచి డయోసీస్‌కు వాటా పోగా మిగిలినదానితో ఏడాది ఖర్చులు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో మంచి రోజుల్లో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఒక్క శెనక్కాయే వేసేవారు. ఒకే పంట మీద జిల్లా అంతా పందెం కాసిందన్నమాట. పందెం ఓడిన ఏడు కోత పండుగ పేరుకు జరుగుతుంది. కూలీలైన సంఘస్తులు బెంగళూరు కట్టడాల పనికి, కేరళకు వెళ్లిపోతారు. చర్చిలో ముసలివాళ్లు, వాళ్లకు వదిలిపెట్టిన మనవలు మిగులుతారు. కానుక సంచి తేలికైపోతుంది.

ఆ ఏళ్లలో పాస్టరు ఇల్లు రాబడి తగ్గిన ఇల్లే కాదు, ఖర్చు పెరిగిన ఇల్లు కూడా. మందుల చీటీ పట్టుకుని వచ్చేవాళ్లు, బస్సు చార్జీ కోసం వచ్చేవాళ్లు, పిల్ల ఫీజుకు చేబదులు అడిగేవాళ్లు. తిరిగి రాని చేబదుళ్లు నర్సు జీతంలోంచి పోతాయి. కొందరు పాస్టర్లు ఈ సంగతి సంఘం ముందు ఒప్పుకుంటారు. మరికొందరు దేవుడే పోషించాడని సాక్ష్యం చెబుతారు. ప్రభుత్వ ఖజానా నుంచి జీతం ఏ బ్యాంకు ఖాతాలో పడిందో ఆమెకు తెలుసు. ఆ సాక్ష్యానికి ఆమె కూడా ఆమెన్ అంటుంది, మనస్ఫూర్తిగానే అంటుంది. బయటినుంచి చూసేవాళ్లు దీన్ని లొంగుబాటుగా చదువుతారు. ఆ చదువు తేలిక. ఆ ఉద్యోగం తనకు దక్కడమే దేవుడి పోషణ అని నమ్మే మనిషికి రెండు మాటలకూ తేడా లేదు. తేడా తెలియాల్సింది డయోసీస్ కమిటీకి.

జిల్లా వైద్య చిత్రంలో మిషన్ ఆసుపత్రుల స్థానాన్ని పూర్వపు జెసూట్ విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు చాలావరకు తీసుకుంది. 1969లో అనంతపురం వచ్చిన ఫెర్రర్, భార్య అన్నే ఫెర్రర్‌తో కలిసి నాలుగు దశాబ్దాలు పనిచేసి 2009లో కన్నుమూశాడు. ట్రస్టు బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులు కట్టింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు బత్తలపల్లి ఆసుపత్రిని కోవిడ్ చికిత్సకు కేటాయించారు. ట్రస్టు నర్సింగ్ పాఠశాలలో పల్లెల దళిత, బీసీ పిల్లలు చదివారు. ఒకప్పుడు క్రైస్తవ ఇళ్ల పిల్లలకే తెరుచుకున్న ఈ వృత్తి తలుపు ఇప్పుడు అందరికీ తెరుచుకుంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక బెంగళూరు కార్పొరేట్ ఆసుపత్రి, గల్ఫ్, ఇంగ్లండ్ వరకూ దారులున్నాయి. పల్లె పాస్టరును చేసుకోవడం వాటిలో చివరి దారి. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చి ఒక్కో సచివాలయానికి ఒక ఏఎన్‌ఎంను నియమించడం, తర్వాత విలేజ్ క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను పెట్టడం కొంత తేడా తెచ్చాయి. ఊళ్లోనే ఉండి చేసుకోగల ఉద్యోగాలు మళ్లీ పుట్టాయి.

సంఘాల్లో స్త్రీల స్థానం మరోవైపు నుంచి కదిలింది. పాత అనంతపురం–కర్నూలు ప్రాంతానికి పొరుగున ఉన్న నంద్యాల డయోసీస్‌కు 2013లో ఇ. పుష్పలలిత బిషప్ అయింది. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ ఆమె. ఆడవాళ్లు పాస్టర్లు కావచ్చు, బిషప్‌లూ కావచ్చు. అయిన వాళ్లకు జీతం, హోదా, రిజిస్టరులో పేరు ఉంటాయి. పాస్టరు భార్య ఉద్యోగానికి మాత్రం ఇప్పటికీ నియామక పత్రం లేదు, రాజీనామా లేదు.

పదవీ విరమణ వస్తే రెండు లెక్కలూ ఒకేసారి తేలతాయి. పార్సనేజీ, అంటే పాస్టరు కాపురముండే ఇల్లు, సంఘానిది. భర్త రిటైరైనా, సర్వీసులో ఉండగానే చనిపోయినా కొత్త పాస్టరు కోసం ఖాళీ చేయాలి. స్వతంత్ర సంఘమైతే మందిరం ఎవరి పేరిట ఉందన్న తగువు మొదలవుతుంది. కొన్నిచోట్ల ఆమె లేదా కొడుకు వాక్యం చెబుతూ సంఘాన్ని పట్టుకుని ఉంటారు. ఆమె సొంత ఉద్యోగ విరమణ వయసు ఇప్పుడు 62 ఏళ్లు. 2004 సెప్టెంబరుకు ముందు చేరిన నర్సుకు నిలకడైన పెన్షన్ ఉంది. తర్వాత చేరినవాళ్లకు ఆ పాత పెన్షన్ లేదు. అందుకే సర్వీసు సగంలో ఉండగానే అనంతపురం, గుంతకల్లు, హిందూపురం శివార్లలో సెంటున్నర, రెండు సెంట్ల స్థలం చూసుకుని, బ్యాంకు అప్పుతో రెండు గదులు వేసుకునే నర్సులు ఎక్కువ. జీతం పత్రం ఆమెది కాబట్టి అప్పు ఆమె పేరిట వస్తుంది, రిజిస్ట్రేషనూ ఆమె పేరిటే జరుగుతుంది.